జూఠా అన్న మాట

కోహ్కా, భిలాయి
10 ఏప్రిల్ 2023

తమ్ముడు మనోహర్‌కి,

ఈస్టరు మర్నాడు కాబట్టి ముందు పండగ వందనాలు రాయాలి. రాశాననే అనుకో. నిన్నట్నుంచి నాకు నోరంతా చేదుగా ఉంది, అన్నం సయించడం లేదు. ఫోన్ చేస్తే నీకు వినబడదు, వినబడాలంటే నేను అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

నిన్న వందన బాప్తిస్మం తీసుకుంది. నా మనవరాలు నీళ్ళలోంచి లేస్తుంటే మా సుధాకర్ అందరి ముందూ ఏడ్చాడు. ప్లాంటులో ఫర్నేసు ముందు పనిచేసే మనిషి. కోడలు అరుణజ్యోతి తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది. నాకు కడుపు నిండిపోయింది. పదమూడేళ్ళు ఈ పిల్లకి నేను నేర్పింది వృథా పోలేదనుకున్నాను. ఆ సంతోషం గంట కూడా నిలవలేదు.

బాప్తిస్మం అయ్యాక ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ. మా సంఘంలో గిన్నె ఒక్కటే, నువ్వూ చూశావు. క్యాంపు క్వార్టర్లో నాలుగు కుటుంబాలు చేరి ప్రార్థన మొదలుపెట్టిన రోజుల్లో రెండో గిన్నె కొనే స్తోమత లేదు. ఖలాసీగా చేసే మీ బావ తాగి ఇస్తే పక్కన ఫోర్‌మన్ తాగేవాడు. గుడి కట్టుకున్నాక కూడా ఆ పద్ధతి మార్చుకోలేదు. దరీల మీద వరసలుగా కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే గిన్నె చేతి నుంచి చేతికి వెళుతుంది.

కొత్తగా బల్లలో చేరేవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. వందన పక్కన సుఖ్‌మతి పడింది. సుఖ్‌మతి అంటే మా వీధిలో చెత్త ఎత్తే కచరా బండి తోసే ఆవిడ, స్వచ్ఛతా దీదీ అంటారిక్కడ. రోజూ పొద్దున్న మా గుమ్మంలో టీ తాగి పోతుంది. గుడికి తనంతట తనే రావడం మొదలుపెట్టింది. రమ్మని ఎవరూ పిలవలేదు, వచ్చాక ఎవరూ పక్కన కూర్చోనూ లేదు.

నేను వెనక వరసలో కళ్ళు మూసుకుని ఉన్నాను. “జూఠా హై, దీదీ” అన్న మాట వినబడింది. మా పిల్ల గొంతే. కళ్ళు తెరిచి చూద్దును కదా, గిన్నె ఇద్దరి మధ్యా ఉంది, వందన వెనక్కి జరిగి తల అడ్డంగా ఊపుతోంది. ఆ మనిషి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

లేచి వెళ్ళి పిల్ల జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చి చెంప మీద కొట్టాను. రోజూ టీ గ్లాసు పట్టుకెళ్ళి ఆవిడకి అందించే చెయ్యే అది. ప్రభువు బల్ల దగ్గర అదే చెయ్యి వెనక్కి పోయింది. దాన్ని చూస్తే రోత పుడుతోంది తమ్ముడూ, సొంత మనవరాల్ని చూస్తే. నువ్వు సండే స్కూల్లో ఎంతమందికి చెప్పినవాడివి, దీనికి రెండు ముక్కలు రాయి.

అప్ప,
అచ్చమ్మ


బొబ్బిలి
19 ఏప్రిల్ 2023

అప్పకి,

మనోహర్ వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. చెవి మిషను మొన్న ప్రార్థన మధ్యలో ఈల వేసింది. పిల్లలు నవ్వారు, నాకు మాత్రం ఈల వినబడలేదు. ఆవకాయ కలిపాము. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఎవరైనా దుర్గ్ వైపు వస్తుంటే పంపుతాను.

నీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. ప్రభువు గిన్నెను జూఠా అన్నదా. బాప్తిస్మపు నీళ్ళు జుట్టులో ఆరకముందే ఆ గిన్నె అబద్ధం అన్నదంటే, అది ఆ పూట పుట్టిన మాట కాదు. నువ్వు కొట్టావు, సరే. కానీ నన్నడిగితే తప్పు పిల్లది కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మినట్టు నటిస్తుంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. కోపం తెచ్చుకోకుండా చెప్పు. మీ ఇంట్లో సాయంత్రం పూట జరుగుతున్నది ప్రార్థనా, టీవీనా?

ఆ కచరా బండి ఆవిడ సంగతి ఇందులో ఎందుకు తెచ్చావో నాకు అర్థం కాలేదు. బహుశా ఆమె ముందు పరువు పోయిందని నీ బాధ కావచ్చు. అది చిన్న విషయం.

అసలు విషయం మీద వందనకి విడిగా నాలుగు పేజీలు రాసి ఇందులోనే పెట్టాను. ఆ గిన్నె అబద్ధం ఎందుకు కాదో లెక్క చెప్పినట్టు ఒక్కొక్క మెట్టూ ఎక్కించి చెప్పాను. పిల్లకి తెలుగు చదవడం రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించు.

నీ తమ్ముడు,
మనోహర్


కోహ్కా, భిలాయి
30 ఏప్రిల్ 2023

మనోహర్,

వందనాలు ఆఖర్న రాస్తాను, బుద్ధి పుడితే.

లెక్కల మేష్టారివి, లెక్కలు చూసుకోక మాటలకి అర్థాలు చెప్పమని ఎవరడిగారు నిన్ను? మీ బొబ్బిలిలో జూఠా అంటే అబద్ధం. ఇక్కడ జూఠా అంటే ఎంగిలి. పిల్ల ఆ గిన్నె అబద్ధమనలేదు, ఎంగిలి అంది. సుఖ్‌మతి మూతి పెట్టిన గిన్నె తను తాగనంది. అబద్ధమని ఉంటే నేనింత బాధపడేదాన్ని కాదేమో. ఇప్పుడైనా తెలిసిందా, బండి ఆవిడ సంగతి ఎందుకు తెచ్చానో?

మా ఇంట్లో టీవీ జరుగుతోందట. మీ బావ పోయిన రోజు కూడా ఈ ఇంట్లో సాయంత్రం ప్రార్థన మానలేదు. నీ నాలుగు పేజీలు పిల్లకి ఇవ్వలేదు. బియ్యం డబ్బా మీద పడి ఉన్నాయి.

ఇక్కడి సంగతులు విను. కనకలత మా ఇంటికి వచ్చింది. ఆఫీసరుగా రిటైరై, మా సంఘానికి సెక్రటరీ అయిన నరేంద్ర సారు భార్య. నెహ్రూ నగర్ నుంచి కారు వేసుకుని, కలాకంద్ పెట్టె పట్టుకుని మరీ వచ్చింది. చావు ఇంటికి వచ్చినట్టు వస్తుందనుకున్నాను. కాదు, పిల్ల బుగ్గ గిల్లింది. “మేమంతా ఎన్నాళ్ళుగానో మనసులో అనుకుంటున్నది మీ పిల్ల పైకి అనేసింది ఆంటీ” అంది. ఆవిడ ఒంటి మీద సెంటు వాసనకి నాకు నిజంగా వాంతి వచ్చినంత పనయింది. బండి పక్కన నిలబడితే ఎప్పుడూ అలా రాలేదు.

ఇవాళ గుడిలో నరేంద్ర సారు లేచి చెప్పాడు. వచ్చే బల్ల నుంచి ఎవరికి వాళ్ళకి చిన్న ప్లాస్టిక్ గ్లాసులట. ఆరోగ్యం కోసమట. కోవిడప్పుడు కూడా ఆరు నెలలు బల్ల మానుకున్నామే గాని గ్లాసులు తేలేదు. ఈ మనుషులకి నా మనవరాలి నోట్లోంచి ఊడిపడ్డ ఒక్క మాట చాలింది. పాస్టరుగారు తల వంచుకుని కూర్చున్నారు. ఆమెన్ అన్న గొంతుల్లో కొన్ని మీ బావతో ఒకే గిన్నెలో తాగినవాళ్ళ కొడుకులవి. ఛీ అనిపించింది.

సుఖ్‌మతి కనబడడం లేదు. ఆ మర్నాటి నుంచి బండి వేరే అతను తెస్తున్నాడు. గుడికీ రావడం లేదు. రోజూ టీ పెట్టి గుమ్మంలో నిలబడుతున్నాను, ఏ మొహం పెట్టుకునో.

సంఘం ముందు ఆవిడకి మాఫీ చెప్పమన్నాను పిల్లని. “నేను గలత్ ఏం చేయలేదు” అంది. అంతే, ఇంకో మాట లేదు. ఇవాళ గుడికి రానంది. తలుపు గడియ పెట్టుకుంది. సుధాకర్ వదిలెయ్యమ్మా అంటాడు. ఎలా వదిలెయ్యను? గుడి వదిలేసిన పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది తిరిగొచ్చారో నాకు తెలుసు. ఇది కూడా పోతే నేను ఇన్నేళ్ళూ ఏం చేసినట్టు?

వందనాలు.
అచ్చమ్మ


బొబ్బిలి
8 మే 2023

అప్పకి,

మాట పొరపాటు నాదే. క్షమించు. ప్రార్థన, టీవీ అన్న వాక్యం కూడా కొట్టేసుకో. నాలుగు పేజీలు చింపెయ్యి, అవి ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

కానీ అసలు అర్థం తెలిశాక నాకు నిద్ర పట్టడం లేదు. అబద్ధమంటే వాదించి ఒప్పించవచ్చు. ఎదుటి మనిషిని చూసి అసహ్యం పుడితే దానికి ఏ లెక్కతో జవాబు చెప్పాలి? మన అమ్మ గుర్తుందా. కూలికి వెళ్ళి దాహమంటే గ్లాసు ఇవ్వక దోసిట్లో నీళ్ళు పోసేవారు, ఎత్తులోంచి. జాకెట్టు తడుపుకుని ఇంటికొచ్చేది. ఆ అవమానం పడలేకే కదా అమ్మ మనిద్దర్నీ పట్టుకుని ఈ దేవుడి దగ్గరికి వచ్చింది. ఆమె మునిమనవరాలు ఇప్పుడు ఇంకొకరికి అదే చేసింది. నాకూ రోతగానే ఉంది.

వందన తప్పు ఒప్పుకునేదాకా బల్లలో చెయ్యి వేయనీయకు. ముద్దు చేసి చెడగొట్టవద్దు. ఆవకాయ పంపడం మరిచాను.

మనోహర్


కోహ్కా, భిలాయి
21 మే 2023

తమ్ముడికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ముందు రోత సంగతి చెప్పేస్తాను. ఏడో తారీఖున ప్లాస్టిక్ గ్లాసుల బల్ల అయింది. అందరూ తాగి, గ్లాసులు గుడి వెనక గోడవతల పారేశారు. మర్నాడు అటుగా వెళితే కుక్కలు నాకుతున్నాయి, ద్రాక్షరసం ఎండిన ఎర్రటి అడుగుల మీద ఈగలు. ఒకరి ఎంగిలి ఒకరికి తగలకూడదని కొన్న గ్లాసులు. వాటిని చేత్తో ఏరి సంచిలో వేస్తోంది ఎవరనుకున్నావు? ఇంకో స్వచ్ఛతా దీదీ. మొత్తం సంఘం ఎంగిలంతా ఒక్క మనిషి చేతుల్లో ఉంది. కాసేపు నేనూ ఏరాను. ఇంటికొచ్చి చేతులు ఎంత కడుక్కున్నా ఆ జిడ్డు పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చింపెయ్యమన్న నాలుగు పేజీలు నేను చింపేలోపే అరుణజ్యోతి చూసింది. తాతయ్య నీకు రాశారని పిల్లకి చదివి వినిపించింది. నేను వంటింట్లో ఉన్నాను. నువ్వు ప్రభువు గిన్నెను అబద్ధమన్నావు అన్న దగ్గర వందన లేచి నా దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడ్డం.

“నానమ్మా, నేను ఝూఠ్ ఎప్పుడన్నాను? జూఠా అన్నాను. మేరా జూఠా.”

“నీ జూఠా ఏటే?” అన్నాను.

“నేను తాగేశాను కదా. దీదీ నా తరవాత. నా జూఠా దీదీకి ఎలా ఇవ్వాలి? తుడవడానికి కపడా ఉందేమో అని చూస్తున్నా. నువ్వొచ్చి కొట్టేశావు.”

గిన్నె సుఖ్‌మతి నుంచి పిల్లకి రాలేదు తమ్ముడూ. పిల్ల నుంచి సుఖ్‌మతికి వెళుతోంది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను, అందరూ మూసుకునే ఉన్నారు. మాట విని, కళ్ళు తెరిచి, మిగతాది మాకు మేమే కల్పించుకున్నాం.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అన్నాను. “నువ్వు అడగలేదు. మాఫీ మాంగ్ అన్నావు. రూల్ నీదే కదా, నువ్వే ఎందుకు కోపం అయ్యావో నాకు సమఝ్ కాలేదు” అంది.

రూల్ ఏటని అడిగాను. దానికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఒకసారి సుఖ్‌మతికి టీ పట్టుకెళుతూ దారిలో ఒక గుక్క తాగిందట. నేను చూసి, ఆ టీ సింకులో పారబోసి, మళ్ళీ పాలు పొంగించి కొత్తగా పెట్టానట. మన ఇంట్లో ఎవరికీ జూఠా ఇవ్వం, ముందు ఆవిడకి, తర్వాతే మనకి అన్నానట. నాకు గుర్తే లేదు. కానీ అని ఉంటాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో సెక్టారులో ఒక ఆఫీసరు ఇంట్లో గిన్నెలు తోమేదాన్ని, నీకు తెలుసు. వాళ్ళు తిని వదిలేసిన పళ్ళెంలోనే నాకు అన్నం పెట్టేవారు, కూర అంచున వాళ్ళ వేళ్ళ గుర్తులు ఉండేవి. అందుకే నా ఇంట్లో పొయ్యి మీంచి దించిన మొదటిది బయటి మనిషికే. అది నేను ఎవరికీ పాఠంగా చెప్పలేదు. బైబిలు వచనాలు బట్టీ పట్టించాను, పాటలు నేర్పించాను, అవే అంటుకుంటాయనుకున్నాను. పిల్లకి అంటుకున్నది టీ.

నువ్వు అబద్ధమని చదివావు, నేను అసహ్యమని చదివాను. ఇద్దరం సండే స్కూలు నడిపినవాళ్ళమే. మన చదువు తగలెయ్య.

దాన్ని వెంటబెట్టుకుని సుఖ్‌మతిని వెతుక్కుంటూ వెళ్ళాను. మా మీద కోపంతో రావడం లేదనుకుంటున్నానా? కాదట. బండి నెహ్రూ నగర్ వైపు మార్చారట, అంతే. మరి గుడికి ఎందుకు రావడం లేదని అడిగాను. గ్లాసులు వచ్చేదాకా కొన్నాళ్ళు ఆగమని కనకలత చెప్పిందట. గ్లాసులు వచ్చాక మళ్ళీ పిలవలేదట. నోనీ, అంటే మన పిల్ల, తన ఎంగిలి అని చెప్పింది, ఏం పరవాలేదు బిడ్డా అనేలోపే నువ్వు లాక్కుపోయావు కదమ్మా అంది నాతో. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. ఆవిడని కూడా నేను అడగలేదు.

వందన గుడికి వస్తానంది, సుఖ్‌మతి వస్తేనే. లేకపోతే ఎప్పటికీ రానంది. ఇప్పుడు దాన్ని ఏమనాలో చెప్పు మేష్టారూ.

అప్ప


బొబ్బిలి
29 మే 2023

అప్పకి,

ఏమీ అనకు.

ఈ కింది నాలుగు మాటలు వందనకి వినిపించు. హిందీ తప్పులుంటే నవ్వమను. బేటీ వందన, తాతయ్య నే గలత్ సమ్ఝా. నాలుగు పేజీలు బేకార్. మాఫ్ కర్నా.

బల్లలో చెయ్యి వేయనీయవద్దని నేను రాసింది నువ్వు ఎవరికీ చూపలేదని ఆశిస్తాను. ఆ వాక్యం రాసిన చేత్తోనే మొన్న ఇక్కడ నేను బల్ల పంచాను. తలుచుకుంటే నా మీద నాకే కంపరంగా ఉంది.

వాళ్ళు ఆమెని రానిస్తారా? జరిగింది జరిగినట్టు రాయి.

మనోహర్


కోహ్కా, భిలాయి
5 జూన్ 2023

తమ్ముడు మనోహర్‌కి వందనాలు. ఈసారి ముందే రాస్తున్నాను, మనస్ఫూర్తిగా.

నిన్న బల్ల. తెల్లవారి సుఖ్‌మతి మా ఇంటికే వచ్చింది. వందన టీ పెట్టింది. ముందు ఆవిడకి ఇచ్చి తర్వాత మాకు పోసింది. నేను చూస్తూ కూర్చున్నాను. నలుగురం కలిసే గుడికి వెళ్ళాం. సుధాకర్‌కి మొదటి షిఫ్టు.

ముందు వరసలో కూర్చున్నాం. మా పక్కనుంచి ఇద్దరు లేచి వెనక్కి వెళ్ళారు. కాళ్ళ నొప్పులట, గోడకి ఆనుకోవాలట. కనకలత కొంగు ముక్కు దాకా తెచ్చి మళ్ళీ దించింది. సుఖ్‌మతి ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. ఆ గదిలో కంపు ఎక్కడిదో నాకు తెలుసు.

ప్లాస్టిక్ గ్లాసుల పళ్ళెం నరేంద్ర సారు పట్టుకొచ్చాడు. వందన ఒక గ్లాసు తీసుకుంది. తాగలేదు. రెండు చేతులతో సుఖ్‌మతికి అందించింది. ఆవిడ సగం తాగింది. పిల్ల ఆ గ్లాసు వెనక్కి తీసుకుని మిగిలిన సగం తాగేసింది. పళ్ళెంలో రెండో గ్లాసు ఉండనే ఉంది, ముట్టలేదు. వెనక నుంచి ఎవరో ఛీ అన్నారు. గొంతు తెలుసు, పేరు రాయను.

నరేంద్ర సారు పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. “ఏంటమ్మా ఇది” అన్నాడు.

నీ ఉత్తరం తర్వాత ఆ పిల్ల నన్ను ఒక మాట అడిగింది. జూఠాని తెలుగులో ఏమంటారని. తాతయ్యకి మళ్ళీ గలత్ అర్థం కాకూడదని. చెప్పాను. నిన్న ఆ మాటే వాడింది.

“ఎంగిలి సార్. దీదీది” అంది.

పాస్టరుగారు గబగబా ప్రార్థన మొదలుపెట్టారు. గుడంతా కళ్ళు మూసుకుంది.

నేను మూసుకోలేదు తమ్ముడూ.

అప్ప,
అచ్చమ్మ